కల్వంలో మిగిలింది

వెండి కలపని పొడి కూడా వెలుతురుకి మారిపోయింది. పోయిన వారం షాహీనాని ఆ మాట దగ్గరే వదిలాం. ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని, కంప్యూటర్ తెర మీద లేవకూడని చోట లేచిన చిన్న గీతని చూస్తూ ఉండిపోయింది. మారకూడని పొడి అది. అది మారదన్న నమ్మకం మీదే ఆమె థీసిస్ అంతా నిలబడి ఉంది.

తన పరిశోధన ఏమిటో ఇంట్లో చెప్పాల్సి వచ్చినప్పుడు షాహీనా తండ్రి కరీం బాషా టైలరింగ్ కొట్టులో పనినే తెచ్చి చెప్పేది. "రెండు గుడ్డముక్కలు మిషన్ కింద పెట్టేముందు జారిపోకుండా కచ్చా కుట్టు వేస్తావు కదా అబ్బా. నా పనిలో ఆ కుట్టు వెండి. నీళ్ళలాంటి వాటిలో అయితే అణువులు తిరుగుతూ తిరుగుతూ ఒకదానికొకటి తగులుతాయి. గట్టి పొడిలో కదలలేవు. ఎక్కడివక్కడ బిగుసుకుని కూర్చుంటాయి. ఆ పొడిలో కాస్త వెండి ఉప్పు కలిపి నూరితే, ఒక్కో వెండి అయాన్ చెరో చేత్తో ఒక్కో అణువుని పట్టుకుని పక్కపక్కన సర్దుతుంది. అప్పుడు దీపం కింద పెడితే ఆ రెండూ అతుక్కుపోతాయి. తర్వాత వెండిని తీసేయొచ్చు, నువ్వు కచ్చా దారం లాగేసినట్టు."

"మరి మిషన్ ఎవరు తొక్కుతారు?" అని నవ్వాడాయన.

"వెలుతురు తొక్కుతుంది."

ఇప్పుడు కచ్చా కుట్టు వేయకుండానే గుడ్డ కుట్టుకుపోయింది. పూర్తిగా కాదు, ఓ అంచున కొంచెం. కానీ ఆ కొంచెం చాలు, ఇన్నేళ్ళ పనిని ఎవరైనా పక్కకి తోసేయడానికి. పొడిలో ఏ లోహం దూరిందో చూడమని ఆమె గైడ్ అనూరాధ మేడం దాన్ని వేరే ల్యాబ్‌కి పంపించింది.

శుక్రవారం ఉదయం జవాబు వచ్చింది.

"సీసం," అంది మేడం.

"సీసమా?"

"వెండి ఆనవాలు కూడా లేదు షాహీనా. సీసం ఉంది. నీ వెండి చేసే పని అది చేసింది." మేడం మొహం వెలిగిపోతోంది. "నీ థీసిస్ ఎక్కడికీ పోలేదు. దానికి ఇంకో అధ్యాయం దొరికింది. ఆ సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కో, చాలు."

పక్క బల్ల దగ్గర గ్లవ్స్ విప్పుతున్న సత్యశ్రీ తల తిప్పింది. కూర్మన్నపాలెంలో స్టీల్ ప్లాంటు ఉద్యోగి కూతురు. ఎమ్మెస్సీ నుంచీ ఇద్దరూ ఒకటే బల్ల. "మన ల్యాబ్‌లో సీసం డబ్బా మూతే తియ్యలేదు కదా మేడం ఈ ఏడు?" అంది.

 షాహీనా బల్ల మీదున్న కల్వాన్ని చూస్తోంది.

అరచేతిలో ఇమిడే నల్లరాతి కల్వం. ల్యాబ్‌లో ఉన్న అగేట్ కల్వం పగిలిపోయింది. కొత్తది ఆఫీసు కాగితాల మధ్య ఎక్కడో ఆగిపోయింది. "మీ మామ్మ కాడ నల్లటిది ఉందికదే, గాజులా నున్నగా. అది తెచ్చీ" అని సలహా ఇచ్చింది సత్యశ్రీయే. షాహీనా వదిన రిజ్వానా దాన్ని చింతపండేసి తళతళలాడేలా తోమి, ఎండలో ఆరబెట్టి మరీ ఇచ్చింది. ఇక్కడికొచ్చాక షాహీనా స్పిరిట్‌తో మళ్ళీ తుడిచింది. ఇంతకంటే శుభ్రం ఉండదనుకుంది.

"సత్యా," అంది నెమ్మదిగా, "చింతపండు."

"ఏటి?"

"పులుపు. రాతి సందుల్లో ఉన్నదాన్ని పులుపు కరిగించి పైకి తెచ్చింది. లేకపోతే అది కదిలేది కాదు."

"సందుల్లో ఏటుంటదే? మామ్మ మసాలా నూరీదా అందులో?"

"మసాలా కాదు," అంది షాహీనా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సుర్మా. రాయి నూరి కళ్ళకి పెట్టేది."

మేడం ఇంకా ఏదో చెబుతోంది. ఇదెంత అరుదైన ఫలితమో, ఎవరికి రాయాలో. ఆ మాటలు షాహీనాకి చేరడం లేదు. ఆమె కళ్ళ ముందు రెండు చిన్న కళ్ళున్నాయి. అన్న కూతురు ఆస్రా కళ్ళు. పుట్టినప్పటినుంచీ నల్లగా తీర్చిన కళ్ళు.

*

రిజ్వానా ఫోను ఎత్తలేదు. శుక్రవారం వంటింట్లో ఉంటే ఆమె ఫోను ముట్టుకోదు. సత్యశ్రీ స్కూటీ తీసింది.

"నానెలాగూ మీ ఇంటికి రావాలి. అమ్మ జాకెట్టు మీ నాన్న కాడే ఉంది. సాయంత్రం మా నరేష్ అన్న కొడుకు బారసాల, అది లేకపోతే మా అమ్మ నన్ను గుమ్మంలోకి రానియ్యదు. ఎక్కు."

దారిలో తనే మళ్ళీ అంది, "అంత కంగారు పడిపోకు. కంటికి రాసుకున్నంతలో ఏటవుతాది?"

 ఆస్రాకి మూడేళ్ళు నిండాయి. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటుంది. కడుపు పట్టుకుని ఏడుస్తుంది. నులిపురుగులన్నారు, మందిచ్చారు. దిష్టన్నారు, తీశారు. ఏడాది నిండేసరికి "అబ్బా" అంది, "పువ్వు" అంది, "దా" అంది. తర్వాత ఆ మాటలు ఒక్కొక్కటిగా ఎటో పోయాయి. ఆడపిల్ల ఆలస్యంగా మాట్లాడితే అదృష్టమని దాదీ, అంటే షాహీనా నాన్నమ్మ, సర్దిచెప్పింది. సీసం విషం కింద ఈ లక్షణాలన్నీ ఒకేచోట రాసి ఉన్న పేజీని షాహీనా ఎమ్మెస్సీలో చదివింది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది.

పాత పోస్టాఫీసు వెనక సందులో వాళ్ళిల్లు. ముందుగది కొట్టు, వెనక కాపురం. కరీం బాషా నమాజుకి వెళ్ళాడు. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. గోడ మేకుకి సత్యశ్రీ అమ్మ జోగమ్మ జాకెట్టు వేలాడుతోంది, ఆకుపచ్చది, చేతులకి జరీ అంచు. "అయిపోయినాదే!" అని సత్యశ్రీ అటు తిరిగింది.

షాహీనా చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

వసారాలో చాప మీద దాదీ జన్నత్ బీ కూర్చుని ఉంది. తలంటిన ఆస్రాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడంచేత్తో గడ్డం ఎత్తిపట్టింది. కుడిచేతిలో సుర్మా పుల్ల. దాని నల్లటి మొన పిల్ల కంటి దగ్గరికి వెళుతోంది.

"దాదీ, ఆగు!"

ఎలా చేసిందో షాహీనాకి తెలియదు. ముసలావిడ మణికట్టుని కొట్టేసింది. పుల్ల ఎగిరి పడింది. పక్కనున్న ఇత్తడి సుర్మాదానీ దొర్లి, చాప మీద నల్లటి పొడి చారలా పరుచుకుంది. ఆస్రా కెవ్వుమంది. వంటింట్లోంచి రిజ్వానా గరిటెతో గుమ్మంలోకొచ్చి అక్కడే నిలబడిపోయింది.

ఆ ఇంట్లో జన్నత్ బీ ముందు ఎవరూ గొంతెత్తరు. షాహీనా తల్లి పోయినప్పుడు పిల్లల్ని ఒళ్ళోకి తీసుకున్నది ఆవిడే. ఆడపిల్లకి అంత చదువెందుకన్న సందుసందంతటితో పోట్లాడి యూనివర్సిటీకి పంపిందీ ఆవిడే.

జన్నత్ బీ తన మణికట్టు వంక చూసుకుంది.

"నా చెయ్యి కొట్టావా?"

"దాదీ, అందులో విషం ఉంది."

"ఏటన్నావ్?"

షాహీనా ఆస్రాని లాక్కుని చంకనేసుకుంది.  "సీసం దాదీ. నీ కల్వంలో సీసం ఉంది. సుర్మా నూరిన కల్వం కదా అది. చిన్నపిల్లలు కళ్ళు నలుపుకుని ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి పోతుంది, నెత్తుట్లోకి పోతుంది. ఆకలి చచ్చిపోతుంది. మరీ పసివాళ్ళయితే మత్తుగా పడుంటారు. కడుపునొప్పి. వచ్చిన మాటలు కూడా..."

 గుమ్మంలో రిజ్వానా చేతిలోంచి గరిటె జారింది.

"మాటలు కూడా?" అంది రిజ్వానా. "చెప్పు షాహీనా. మాటలు కూడా ఏటి?"

"నువ్వూరుకో!" అంది జన్నత్ బీ. గొంతు పెద్దది కాలేదు, గట్టిపడింది. "అదేదో పొడి నూరుకుని వచ్చి నాకు కథలు సెప్తంది. ఇగో, నా కళ్ళు సూడు. పుట్టిన కాడ్నుంచీ ఎట్టుకుంటన్నాను. ఇప్పుడు కూడా మీ అబ్బాకి సూదిలో దారం ఎక్కిచ్చేది నానే. మీ భయ్యాకెట్టాను. నీకెట్టాను. ఇన్ని సదువులు సదివావ్ గదా, నీ బుర్రకేటి తక్కువైనాది?"

షాహీనా ఆస్రాని ఇంకో చంకకి మార్చుకుంది.  

"అప్పటి రాయి ఏంటో నాకు తెలీదు దాదీ," అంది చివరికి. "ఇప్పుడు కల్వంలో ఉన్నదే తెలుసు."

"అప్పటిదీ ఇప్పటిదీ ఏటి? మీ తాత ఓడెక్కి హజ్‌కెల్లి, ఉంగరం కొనుక్కోకుండా తెచ్చిన రాయి అది. ఆస్రా కడుపులో ఉండగా ఆ రాయి అయిపోయింది. నాను ఏడిస్తే అల్లా ఇంకోటి పంపాడు. ఓ హాజీ సాబ్ మక్కా నుంచి తెచ్చి మీ భయ్యా సేతికిచ్చాడు. అలాంటిదాంట్లో విషమా?" చాప మీద చెయ్యి తడిమి పుల్ల అందుకుంది. దొర్లిన సుర్మాదానీలో ముంచింది. "సూడు మరి."

ఎడమ కంట్లో గీసుకుంది. కుడికంట్లో గీసుకుంది. ఎప్పుడూ గీసే సన్నటి గీత కాదది. రెప్పలు దాటి చెంపల మీదికొచ్చేంత మందంగా పూసుకుంది. ఆ నలుపు మధ్య కళ్ళు ఎర్రగా, నీళ్ళతో మెరుస్తున్నాయి.

"సచ్చిపోయానా? సెప్పు, సచ్చిపోయానా? ఇయ్యి, పిల్లనియ్యి."

"మామ్మా," అని సత్యశ్రీ మధ్యలోకొచ్చింది, జాకెట్టు చేత్తో పట్టుకునే. "దాన్నెందుకు తిడతావ్? పాపకి రక్తపరీక్ష ఒక్కటి సేయించీమను. ఏటీ లేకపోతే ఇదే నీ కాళ్ళు పట్టుకుంటాది."

"నువ్వు కూడానా? కల్వం ఇమ్మని మోసుకుపోయినోళ్ళు మీరే, ఇప్పుడు నింద ఏసేదీ మీరేనా?" అంటూ జన్నత్ బీ ముందుకి వంగి ఆస్రా చెయ్యి పట్టుకుంది. పుల్ల ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

"దాదీ! పాపకొద్దు! కడుగు, ముందు నీ కళ్ళు కడుగు!"

ఆ కేక వెనకనుంచి వచ్చింది. ఫిరోజ్, షాహీనా అన్న. నమాజు టోపీ తలమీదే ఉంది, చేతిలో చేపల సంచి. ఒక్క అంగలో వచ్చి దాదీ చేతిలోని పుల్ల లాక్కుని పెరట్లోకి విసిరేశాడు. సంచి కిందపడి చేపలు చాప మీదికి జారాయి.

అందరూ అతన్నే చూశారు. అందరికంటే ముందు తేరుకున్నది షాహీనా.

"భయ్యా," అంది. "నువ్విప్పుడే కదా వచ్చావ్?"

"ఆఁ."

"సీసం సంగతి నీకెవరూ చెప్పలేదు. మరి కడుక్కోమని ఎందుకన్నావ్?"

ఫిరోజ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. అతను పోర్టు దగ్గర ఓ సరుకు యార్డులో పనిచేస్తాడు. పొద్దున్నే వెళ్ళి, ఒంటినిండా దుమ్ముతో వచ్చి, కూతుర్ని ఎత్తుకునే ముందు స్నానం చేసేవాడు. ఈ వారం రోజులుగా ఆ స్నానం మరీ ఎక్కువసేపు చేస్తున్నాడని రిజ్వానా నవ్వుతూ అన్నది కూడా.

"సెప్పరా ఈళ్ళకి," అంది జన్నత్ బీ. "హాజీ సాబ్ పేరేటో సెప్పు. ఏ ఈదిలో ఉంటాడో సెప్పు. ఎల్లి అడిగొస్తారు."

"దాదీ..."

"సెప్పు."

"ఆ హాజీ సాబ్ ఎవరూ లేరు దాదీ."

పెరట్లో కాకి వచ్చి చేపల వాసనకి గోడమీద వాలింది. దాన్ని ఎవరూ అదిలించలేదు.

"నువ్వు అన్నం మానేసి ఏడిసేవు. కొనుక్కొద్దామంటే అసలుదో నకిలీదో తెలీదన్నావ్. ఆ రోజు యార్డులో సరుకు దించుతుంటే ఓ రాయి పడింది. నల్లగా, అద్దంలా మెరిసిపోతంది. అచ్చం తాత రాయిలాగే ఉంది. జేబులో ఏసుకొచ్చీసాను. మక్కా నుంచని సెప్తే నువ్వు సంతోషిస్తావని..." టోపీ ఇంకా నలుపుతూనే ఉన్నాడు. "అది సీసం తీసే రాయని నాకప్పుడు తెలీదు. అల్లా సాక్షి."

"అప్పుడు తెలీదు," అంది రిజ్వానా.

ఆమె గుమ్మం దిగి వచ్చింది. గట్టిగా ఒక్క మాట అనని మనిషి. మొగుణ్ణి ఏనాడూ 'మీరు' అని తప్ప పిలవలేదు.

"మొన్న నాతో, పాప కళ్ళు ఎర్రబడతన్నాయి, సుర్మా ఆపించమన్నారు. దాదీ ఇనలేదంటే ఇంకేటీ అనకుండా పడుకున్నారు. అప్పటికే తెలుసా?"

ఫిరోజ్ తల దించుకున్నాడు. "పోయిన వారం యార్డులో మాకందరికీ నెత్తురు పరీక్ష సేశారు. ఆ సరుకు సీసం రాయంట, ముట్టుకుంటే సేతులు కడక్కుండా పిల్లల్ని ముట్టుకోవద్దన్నారు."

"వారం!" రిజ్వానా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "తెలిసి నోరు మూసుకున్నావా నువ్వు? రోజూ దాని కళ్ళు సూస్తా, దానికి ముద్దెడతా, నోరు మూసుకున్నావా?"

'నువ్వు' అన్న ఆ మాట చెంపదెబ్బలా తగిలిందతనికి.  జన్నత్ బీ చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. కళ్ళలోంచి నల్లటి నీళ్ళు చెంపల ముడతల వెంబడి దిగుతున్నాయి. ఆ కళ్ళు మనవణ్ణి చూడడం లేదు.

"ఊరుకోలేదు రిజ్వానా, నా మాటిను," అన్నాడు ఫిరోజ్. "దాదీకి నిజం సెప్పలేక, రాయి తీసుకెల్లి సముద్రంలో పారేద్దామనుకున్నాను. రాయి లేకపోతే నూరదు కదా. దాదీ నిద్రలో ఉండగా పెట్టె ఎతికాను. బట్టల మూట ఇప్పి సూశాను. రాయి లేదు."

షాహీనా ఆస్రాని రిజ్వానా చేతికిచ్చి చాప మీద కూర్చుంది. ముసలావిడ రెండు చేతులూ పట్టుకుంది. ఇందాక తను కొట్టిన మణికట్టు ఎర్రగా కమిలి ఉంది.

"దాదీ, నిన్నెవరూ ఏమీ అనరు. మిగిలిన రాయి ఎక్కడుంది?"

జన్నత్ బీ పెదాలు కదిలాయి. తల నెమ్మదిగా పైకెత్తింది. షాహీనాని దాటి, వెనక నిలబడ్డ సత్యశ్రీని చూసింది. సత్యశ్రీని కూడా కాదు. ఆమె చేతిలో మడత పెట్టిన ఆకుపచ్చ జాకెట్టుని చూసింది.

"కొలతలియ్యడానికి మీ అమ్మొచ్చింది కదమ్మా," అంది. "మనవడు పుట్టాడని ఎంత సంబరపడిపోయింది. క్వార్టర్‌లో దీపం పెట్టి మసి పట్టడం కుదరదు, బజారు కాటుకంటే భయమంది. నా కళ్ళు సూసి, ఏ కాటుక మామ్మా అనడిగింది. మిగిలిన ముక్కంతా ఇచ్చీసాను. పసోడికి బలమని... వెన్నలో నూరి ఎట్టమన్నాను."

జాకెట్టు సత్యశ్రీ చేతిలోంచి నేలమీదికి జారింది.

ఫోను తీసింది. నంబరు రెండోసారికి గానీ దొరకలేదు. కూర్మన్నపాలెంలో ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తారు. ముందు గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు, తర్వాత జోగమ్మ గొంతు. స్పీకరు నొక్కకపోయినా ఆ గొంతు వసారా అంతా వినిపించింది.

"ఏటే, ఇంకా రాలేదు? జాకెట్టు తెత్తన్నావా నేదా? సుట్టాలందరూ వచ్చీసినారు!"

"అమ్మా, బాబుకి కాటుక ఎట్టావా?"

"ఎట్టకుండా ఉంతానా? ఆ సాయిబుల మామ్మ ఇచ్చిన కాడ్నుంచీ రోజూ ఎడతన్నాను. కళ్ళకీ, అరికాలికీ, బొడ్డు ఊడిన పచ్చి ఉంది కదా, అక్కడా. ఏటే, ఏడుస్తన్నావా?"

"అమ్మా, బాబెలా ఉన్నాడు?"

"బంగారం! ఇంతమంది ఎత్తుకున్నా కిక్కురుమనలేదు. నిన్నట్నుంచీ ఏడుపన్నదే నేదు," అంది జోగమ్మ మురిసిపోతూ. "పాలకి లేపినా లెగట్లేదు. ఒకటే నిద్దర."